పొద్దుగూకే వేళ... పిలిచేదెవరు?

సాయంత్రం ఆరున్నర. పొయ్యి మీద కూర ఉడుకుతుంటుంది. టీవీలో సీరియల్ పాట మొదలవుతుంది. పిల్లలు హోంవర్కు ముందేసుకుని కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే గాలిదుమారం లేచి కరెంటు పోయిందనుకోండి... టీవీ ఆగుతుంది, ఫ్యాను ఆగుతుంది, ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పెరటి చింతచెట్టు మీంచి 'చిర్ర్... చిర్ర్... చీవాక్ చీవాక్' అంటూ ఓ గొంతు! పిల్లాడు అమ్మ కొంగు పట్టుకుంటాడు. నానమ్మ 'పాడు పిట్ట... పొద్దూకంగనే మొదలుపెట్టింది' అంటూ చెయ్యి విసురుతుంది. నాన్న సెల్‌ఫోను లైటు వేసి కొమ్మలన్నీ వెతుకుతాడు. ఏమీ కనిపించదు.

ఇంతకీ అరిచిందెవరు?

పగటిపూట పిట్టని గుర్తుపట్టడానికి రంగుంది, తోకుంది, ముక్కుంది. పొద్దు గుంకాక అవేవీ పనికిరావు. కాకి నలుపే, కొంగ నలుపే. అప్పుడు మిగిలేది గొంతొక్కటే. ఆ గొంతుని పట్టుకుని పేరు చెప్పడం పెద్ద విద్యేమీ కాదు. గేటు చప్పుడు విని వచ్చింది పాలాయనో, పేపరబ్బాయో చెప్పేస్తాం కదా... అలాంటిదే ఇదీ. కాకపోతే కాస్త చెవి పెట్టాలి. అలా చెవి పెట్టడానికి పాత వరంగల్ జిల్లాని మించిన బడి దొరకదు. 2016 అక్టోబరులో ఆ జిల్లా విడిపోయినప్పుడు ఏర్పడ్డ జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలనే తీసుకోండి. ఒకచోట రాతిగుట్టలూ మెట్టచేలూ, ఒకచోట కాకతీయుల నాటి చెరువులు, ఇంకోచోట గోదావరి ఒడ్డు అడవి. మూడు జిల్లాలు, మూడు రకాల సాయంత్రాలు!

ఆ అరగంటకి ఎందుకంత గిరాకీ?

తెల్లవారుజామున పిట్టలు ఎక్కువగా కూస్తాయని అందరికీ తెలుసు. ఆ తర్వాత అంత సందడి ఉండేది సాయంత్రమే. ఈ ప్రాంతంలో నవంబరు చివర ఐదున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. జూన్ చివరికొచ్చేసరికి అది ఆరూ యాభై దాకా జరుగుతుంది. గుంకడానికి అరగంట ముందు, గుంకాక అరగంట... ఈ గంటలోనే పగటి పిట్టలు డ్యూటీ దిగుతాయి, రాత్రి పిట్టలు డ్యూటీ ఎక్కుతాయి. రెండు షిఫ్టుల వాళ్లూ గేటు దగ్గర కలుసుకున్నట్టన్నమాట!

పగటి పిట్టలకి పడుకునే కొమ్మ దగ్గర చోటు కావాలి. దాని కోసం తగువులు. జంట ఎక్కడుందో, పిల్లలు ఎక్కడున్నాయో తెలియాలి. అందుకోసం పిలుపులు. రాత్రి పిట్టలు మాత్రం 'ఈ తోపు నాది' అని లేస్తూనే చాటింపు వేస్తాయి.

ఇంకో సంగతి... సాయంత్రం గాలి తగ్గుతుంది. పగలంతా నేల కాగి ఉంటుంది కాబట్టి దాన్ని ఆనుకున్న గాలి వేడిగా ఉండి, శబ్దాన్ని పైకి వంచేస్తుంది. పొద్దు గుంకాక నేల తొందరగా చల్లారుతుంది. కింద చల్లగాలి, దానిపైన వెచ్చటి గాలి. అప్పుడు శబ్దం మళ్లీ నేలవైపు వంగి చాలాదూరం వెళ్తుంది. పక్కూరి గుడి మైకు రాత్రిపూట మన వాకిట్లో మోగుతున్నట్టు ఉండేది అందుకే. ఆ సౌకర్యాన్ని మనకంటే ముందు వాడుకున్నవి పిట్టలే.

వాటి గొంతు కూడా మన గొంతులాంటిది కాదు. మనకి స్వరపేటిక మెడలో ఉంటుంది. పిట్టలకి ధ్వనినిచ్చే అవయవం ఇంకా కింద, ఊపిరితిత్తులకి గాలిగొట్టం రెండుగా చీలేచోట ఉంటుంది. చాలా పక్షులు రెండు వైపులనీ విడివిడిగా వాడగలవు. అంటే ఒకేసారి రెండు స్వరాలు! అంత చిన్న పిట్టకి అంత గొంతేమిటని ఇక ఆశ్చర్యపోనక్కర్లేదు.

జనగామలో... వాకిట్లోంచి గుట్టదాకా

మొదటి పాఠం ఇంటి చుట్టూనే. ఊరి నడుమ రావిచెట్టు మీద చీకటి పడేముందు చెవులు గింగుర్లెత్తే గోల వినిపిస్తే అవి గోరింకలు. వందలకొద్దీ ఒకేచోట పడుకుంటాయి. ఒక్కో గొంతూ వేరుగా తెలియదు, అంతా కలిపి సంత! వెలుగు తగ్గగానే స్విచ్ ఆపినట్టు నిశ్శబ్దమైపోతాయి.

కరెంటు స్తంభం మీద కూచుని, మిగతా పిట్టలన్నీ సర్దుకున్నాక కూడా తియ్యగా ఈలపాట పాడేది నల్లంచి కుటుంబానికి దగ్గరి చుట్టం. నలుపు తెలుపు రంగులో, తోక పైకెత్తి ఉంటుంది. ఇంగ్లీషులో మ్యాగ్‌పై రాబిన్ అంటారు. ఎండాకాలంలో దాని గొంతు మరీ హుషారు. కంచె పొదల్లోంచి 'ఊప్... ఊప్... ఊప్' అని బరువుగా, సన్నమూతి బిందెలోకి నీళ్లు నిండుతున్నట్టు వినిపిస్తే అది జెముడుకాకి. ఒకటి మొదలుపెడితే కాస్త దూరం నుంచి దాని జోడు అందుకుంటుంది. బావి దగ్గరో కాలువ దగ్గరో పకపకా నవ్వినట్టు గరగరమంటే లకుముకి పిట్ట.

ఇక కోకిల గొంతు తెలియనివాళ్లెవరు? 'కు...ఊ' అంటూ మెట్టుమెట్టుకీ పైకెక్కేది మగపిట్ట. అదే చెట్టులోంచి 'కిక్ కిక్ కిక్ కిక్' అని తొందరపడేది ఆడకోకిల. అది కోకిల గొంతే అని చాలామందికి తోచదు. ఎండాకాలం నుంచి వానాకాలం దాకా ఇంకో గొంతు కూడా వెన్నెల రాత్రుల్లో నిద్రపోనివ్వదు. 'పీ...పీహా' 'పీ...పీహా' అంటూ ప్రతిసారీ ఓ మెట్టు పైకెక్కి, ఇంక ఎక్కలేనంత ఎత్తుకి వెళ్లి ఠక్కున ఆగుతుంది. ఇదీ కోకిల జాతిదే. చూడటానికి మాత్రం చిన్న డేగలా ఉంటుంది. దాని రొద భరించలేక ఇంగ్లీషు దొరలు 'బ్రెయిన్ ఫీవర్' పిట్ట అని పేరుపెట్టారు!

ఊరు దాటితే మెట్టచేలు. పొద్దు వాలుతుండగా గడ్డిలోంచి 'కటీటర్... కటీటర్' అని గట్టిగా, తిట్టినట్టుగా వినిపించేది కముజు పిట్ట. రాళ్ల మధ్య నేలమీద బతికే స్టోన్ కర్లూ అనే పిట్టకి మేక కళ్లంత పసుపు కళ్లుంటాయి. పగలంతా కదలదు. చీకటి పడగానే 'పిక్ పిక్ పిక్... పిక్విక్ పిక్విక్' అని అందుకుంటుంది.

రాతిగుట్టలున్న ఊళ్లవాళ్లు చలికాలం సాయంత్రం ఓసారి గుట్టవైపు చెవి పెట్టండి. 'బు... బూఊ' అని రెండే రెండు ముక్కలు. రెండోది కాస్త పొడుగు. గొంతు చిన్నగానే ఉన్నా చాలా దూరం వెళ్తుంది. రాళ్ల నెర్రెల్లో కాపురముండే పెద్ద గుడ్లగూబ అది. తలమీద కొమ్ముల్లాంటి ఈకలతో, పిల్లి ముఖంతో ఉంటుంది. ఎలుకలూ పందికొక్కులే దానికి విందుభోజనం. గుట్టకింద వేరుసెనగ వేసిన రైతుకి జీతం అడగని కాపలాదారు!

మహబూబాబాద్‌లో... చెరువు కట్టమీద

మెట్ట నుంచి తూర్పుకి జరిగితే చెరువుల సీమ. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువుని కాకతీయ గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించినట్టు అక్కడి శాసనం చెబుతోంది. పదమూడో శతాబ్దపు మాట అది. అంటే ఎనిమిది వందల ఏళ్లుగా అక్కడ సాయంత్రాలు నీటిపిట్టల గొంతులతోనే చీకటిపడుతున్నాయన్నమాట.

చెరువు కట్టమీద వినడానికి ఓ సులువుంది. వచ్చేవెవరో, పోయేవెవరో చూడండి. తెల్లకొంగలు వరుసలు కట్టి తుమ్మచెట్లకి తిరిగొస్తుంటాయి. దిగేటప్పుడు గరగరమంటూ కీచులాట. సరిగ్గా అవి వచ్చే వేళకే ఎదురుగా ఇంకొకరు బయల్దేరతారు. తలమీంచి ఎగురుతూ 'క్వాక్' అని ఒక్క ముక్క, కాసేపాగి మళ్లీ ఒక్క ముక్క. రాత్రి కొంగ అది. పాత పుస్తకాల్లో చింతవక్క అని రాశారు. 'వక్క' అన్నది దాని అరుపే కావచ్చు!

ఆ తర్వాత ఆకాశంలో సన్నటి ఈలలు. 'సీసిక్... సీసిక్' అంటూ గుంపుగా వరిచేల వైపు వెళ్లేవి ఈల బాతులు. బాతు అనగానే బెకబెక అనుకుంటాం కానీ వీటి గొంతు అచ్చం ఈలే. నీటిమధ్యలోంచి గుర్రపు సకిలింపుని చిన్నగా చేసినట్టు గలగలమని వినిపిస్తే అది బుడుబుంగ. చూసేలోపు మునుగుతుంది కాబట్టి దాన్ని కంటితో కన్నా చెవితో పట్టుకోవడమే తేలిక.

ఇక కట్టమీద కాపలా అంతా తీతువుదే. కంటిముందు ఎర్రటి తోలు, పసుపు కాళ్లు. పగలూ రాత్రీ తేడా లేదు. మనిషి నడిచినా, నక్క నడిచినా, పాము పాకినా లేచి ఆకాశమంతా చాటింపు. ఇంగ్లీషువాళ్లకి అది 'డిడ్ యూ డూ ఇట్' అని వినబడింది. మనవాళ్లకి 'తీతువు' అని వినబడి, అదే పేరైంది. ఒకే గొంతు... వినేవాడి భాషని బట్టి మాట మారిపోయింది! తీతువు కూస్తే కీడని కొందరంటారు గానీ, దాని గూడు నేలమీదే. నాలుగు గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు. అటువైపు ఎవరొచ్చినా అరవకపోతే పిల్లలు దక్కవు మరి.

నీళ్లూ పెద్దచెట్లూ కలిసి ఉన్నచోట, ముఖ్యంగా పాకాల అడవిలాంటి చోట్ల, బాగా చీకటిపడ్డాక లోతైన గొంతుతో 'హు... హూ... హు' అని వినిపిస్తే చేపలు పట్టే గుడ్లగూబ. గుడ్లగూబ చేపలు పట్టడమేమిటంటారా? దాని కాళ్లకి ఈకలుండవు, అరికాళ్లు గరుకు. జారే చేపని పట్టడానికి అదే వీలు.

భూపాలపల్లిలో... అడవి అంచున

భూపాలపల్లి పేరు చెప్పగానే బొగ్గు గుర్తొస్తుంది. కానీ గనుల చప్పుడు దాటి మహదేవపూర్, కాళేశ్వరం వైపు వెళ్లినా, రేగొండ దగ్గరి పాండవుల గుట్ట వైపు వెళ్లినా సాయంత్రం వేరు. ముందు నెమళ్లు. పడుకునే చెట్టెక్కేముందు 'మే...ఆవ్' అని అరిస్తే ఇంకో గుట్టమీంచి ఇంకొకటి బదులిస్తుంది.

అడవికోళ్ల సంగతి ఇంకా తమాషా. మన దేశంలో అడవికోళ్లు రెండు రకాలు. దక్షిణాదిన బూడిదరంగుది, ఉత్తర తూర్పు వైపున ఎర్రది. ఈ వైపున రెండిటి రాజ్యాలకీ సరిహద్దుగా పక్షి పుస్తకాలు చెప్పేది గోదావరినే. ఎర్ర అడవికోడి అచ్చం మన ఊరి పుంజులాగే కూస్తుంది. కాకపోతే చివర్లో గొంతు నొక్కేసినట్టు తెగిపోతుంది. మన ఇంటి కోళ్లకి మూలపురుషుడు అదే మరి! బూడిదరంగుది అలా కాదు. 'కుక్... కయా కయా... కుక్' అని ముక్కలు ముక్కలుగా కూస్తుంది. గోదావరి ఒడ్డున నిలబడి పొదలోంచి కూసింది ఏ కోడో చెప్పాలంటే చూడక్కర్లేదు... చివరి అక్షరం వింటే చాలు.

చీకటి చిక్కబడ్డాక రోడ్డుమీద రెండు నిప్పుకణికలు మెరుస్తాయి. బండి దగ్గరికి రాగానే రెక్కలొచ్చి లేచిపోతాయి. నైట్‌జార్ పిట్ట కళ్లవి. ఎండుటాకు రంగులో ఉంటుంది కాబట్టి పగలు పక్కనే నడిచినా కనిపించదు. గొంతు మాత్రం ఒక్కసారి వింటే మరిచిపోలేం. టేబుల్ టెన్నిస్ బంతి బండమీద పడి, ఎగిరి, ఇంకా చిన్నగా ఎగిరి, చివరికి దడదడమని ఆగినట్టు... 'చుక్... చుక్... చుక్ చుక్‌రర్ర్'. అడవిలోపల ఉండే ఇంకో జాతిది వేరే పద్ధతి. వడ్రంగి ఒకే వేగంతో ఉలిమీద కొడుతున్నట్టు 'చక్కు చక్కు చక్కు'. రెండూ చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. చేతిలో పట్టుకుని చూసినా తికమకే. గొంతు విప్పితే మాత్రం అనుమానానికి తావులేదు!

మొండికేసిన మోపెడ్‌ని స్టార్ట్ చేస్తున్నట్టు నెమ్మదిగా మొదలై, వేగం పుంజుకుని, చప్పున ఆగిపోయే గొంతు అడవి పైడికంటెది. ఒళ్లంతా చారలు. పొద్దుండగానే మొదలుపెట్టేస్తుంది. ఊరవతల మామిడి తోపుల్లో, చింతతోపుల్లో 'చుహువా...ఆ...ఆ' అని వణుకుతూ సాగే గొంతొకటుంది. ఎంత ధైర్యవంతుడికైనా వెన్ను జలదరిస్తుంది. దయ్యమని పేరుపడ్డ చెట్లలో కొన్నిటి గుట్టు ఇదే అయ్యుండొచ్చు. మచ్చల గుడ్లగూబ, అంతే.

'చావుపిట్ట' కథ

మొదట మనం విన్న 'చిర్ర్... చీవాక్ చీవాక్' ఎవరిదో చెప్పలేదు కదూ. అది పైడికంటె. దాదాపు గోరింకంతే ఉంటుంది. గుండ్రటి తల, పసుపు కళ్లు, ఒంటినిండా తెల్లచుక్కలు. చింతచెట్టు తొర్రలో, పాత మిద్దె సందుల్లో జంటగా కాపురముంటుంది. మనల్ని చూసి తల పైకీ కిందకీ ఆడిస్తుంది. పురుగులు, చిట్టెలుకలు, బల్లులు దాని ఆహారం. పొద్దుగూకగానే రెండూ బయటికొచ్చి ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. మనకి భయం పుట్టించేది ఆ మొగుడూపెళ్లాల పలకరింపే!

పాడుబడ్డ గుళ్లలో, పాతబంగళాల్లో ఉండే తెల్ల గుడ్లగూబకి ఇంకా అన్యాయం జరిగింది. గుండె ఆకారంలో తెల్లటి ముఖం, చప్పుడు చెయ్యని రెక్కలు, గుడ్డ చింపినట్టు కీచుమనే అరుపు. దాని పిల్లలు గూట్లోంచి బుసకొడితే పాము అనుకుంటారు. ఏకంగా చావుపిట్ట అని పేరుపెట్టారు. జబ్బుచేసిన మనిషున్న ఇంటిముందు గూబ కూసిందంటే ఇక అంతే అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాస్త ఆలోచిస్తే కారణం తేలిగ్గానే దొరుకుతుంది. జబ్బుమనిషి ఉన్న ఇంట్లో రాత్రంతా దీపం వెలుగుతుంది. దీపానికి పురుగులొస్తాయి. పురుగుల కోసం పైడికంటె వస్తుంది. మేలుకుని ఉన్న ఇంటివాళ్లకి అది వినబడుతుంది. మిగతా రోజుల్లోనూ అది కూస్తూనే ఉంటుంది... మనం నిద్రలో ఉంటాం.

ఈ భయం ఖరీదు గుడ్లగూబలు చెల్లిస్తున్నాయి. రాళ్లతో కొడతారు, తొర్రలు మూసేస్తారు, చెట్టే కొట్టేస్తారు. లక్ష్మీదేవి వాహనమని చెప్పుకునే పిట్టని దీపావళి రోజుల్లోనే క్షుద్రపూజలకి అమ్ముతుంటారు. మన దేశంలో ఉన్న 30 గుడ్లగూబ జాతుల్లో 15 ఈ దొంగవ్యాపారంలో కనిపించాయని వన్యప్రాణి వ్యాపారంపై నిఘా పెట్టే ట్రాఫిక్ సంస్థ 2010లో బయటపెట్టింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గుడ్లగూబని పట్టడం, అమ్మడం నేరం. అదే సమయంలో మలేసియాలో ఆయిల్‌పామ్ తోటల యజమానులు తెల్ల గుడ్లగూబల కోసం చెక్కపెట్టెలు కట్టించి మరీ పిలుచుకుంటున్నారు. ఎలుకల మందుకన్నా అది చవక! మన ఇళ్లచుట్టూ అవి పిలవకుండానే వచ్చి పనిచేస్తున్నాయి.

పేరు తెలియనిదానికే భయం. ఇది పైడికంటె, అది తీతువు అని పిల్లాడికి ఒక్కసారి చెప్పి చూడండి. మర్నాడు వాడే మీకు చెబుతాడు.

గొంతుతో దొరికిన కలివికోడి

పిట్టని చెవితో పట్టుకోవడం కాలక్షేపం వ్యవహారమే అనుకుంటున్నారా? ఓ పిట్ట ఉందో లేదో తేల్చింది ఆ విద్యే. దాని పేరు కలివికోడి. కలివి పొదల మధ్య తిరుగుతుందని ఆ పేరు. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న టి.సి. జెర్డాన్ 1848లో దీన్ని లోకానికి తెలియజేశాడు. తర్వాత భూగర్భ శాస్త్రవేత్త డబ్ల్యు.టి. బ్లాన్‌ఫర్డ్ గోదావరి లోయలో రెండుచోట్ల దాన్ని చూశాడు. ఒకటి భద్రాచలం ప్రాంతం. రెండోది సిరోంచ. సిరోంచ ఎక్కడుందో తెలుసుగా... భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో నిలబడితే నదికి అవతలి ఒడ్డు!

1900లో అనంతపురం వైపు కనిపించాక ఆ పిట్ట మళ్లీ జాడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 86 ఏళ్ల తర్వాత, 1986 జనవరిలో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ పరిశోధనలో, స్థానికుల సాయంతో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దొరికింది. దానికోసం 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది. అయినా చిక్కు తీరలేదు. రాత్రిపిట్ట, ముళ్లపొదల మధ్య పరుగెడుతుంది, టార్చిలైటుతో వెతికితే ఎన్ని రాత్రులైనా సరిపోవు. దాని అరుపు ఎలా ఉంటుందో కూడా ఎవరికీ ఖాయంగా తెలియదు.

ఆ ముడి విప్పింది సాయంత్రమే. పరిశోధకులు పి. జెగనాథన్, సైమన్ వాటన్ ఆ పిలుపుని మొట్టమొదటిసారి రికార్డుచేసి 2004లో ప్రకటించారు. 'ట్విక్‌టూ ట్విక్‌టూ' అని రెండక్షరాల పిలుపు. పొద్దుగుంకిన ముప్పావు గంట తర్వాత మొదలై, కాసేపే వినిపిస్తుంది. అప్పటినుంచి టేపు పట్టుకుని సాయంత్రాలు పొదల దగ్గర దాన్ని వినిపించడం, బదులొస్తుందేమో చెవి పెట్టడం... అదే సర్వే పద్ధతైంది. ఆ తర్వాత మళ్లీ దశాబ్దానికి పైగా జాడలేదు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల బృందమొకటి రాయలసీమలో రాత్రిపూట దాని పిలుపు విని రికార్డు చేసింది. ఒక పిట్ట జాతి ఇంకా బతికే ఉందని చెప్పడానికి దొరికిన సాక్ష్యం ఆ కాసేపటి గొంతే!

ఎలా నేర్చుకోవాలి?

పెద్ద ఖర్చేమీ లేదు. ఓ నోటుపుస్తకం, ఓ పెన్సిలు, డాబామీద కుర్చీ. గొంతు వినగానే ఐదు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, ఎక్కడ్నుంచి? నేలమీంచా, పొదలోంచా, చెట్టుకొసనా, ఎగురుతూనా? ఇది తెలిస్తే సగం పేర్లు కొట్టెయ్యొచ్చు. రెండోది, ఎన్ని ముక్కలు? రాత్రి కొంగది ఒకటి, గుట్టమీది గుడ్లగూబది రెండు. మూడోది, నడక ఎలా ఉంది? వేగం పెరుగుతోందా, తగ్గుతోందా, ఒకేలా ఉందా? నాలుగోది, పైకెక్కుతోందా, కిందకి దిగుతోందా? ఐదోది, ఏ నెల, ఎన్ని గంటలు? జనవరిలో పీహా దాదాపు మౌనవ్రతంలో ఉంటుంది. జూన్‌లో నోరుమూయదు.

విన్నది విన్నట్టు మన అక్షరాల్లో రాసుకోండి. తెలుగు లిపి ఈ పనికి భలే వీలు... దీర్ఘాలున్నాయి, ఒత్తులున్నాయి, పొల్లులున్నాయి. పుస్తకంలో ఎలా రాశారన్నది అనవసరం, మీ చెవికి ఎలా వినిపించిందన్నదే లెక్క.

కొన్ని దొంగగొంతులతో జాగ్రత్త. కీచురాళ్లు, కప్పలు, బల్లులు, చింతచెట్టులో కొట్లాడుకునే గబ్బిలాలు... అన్నీ పిట్టలే అనిపిస్తాయి. 'వట్... వట్' అని చిన్నగా ప్రశ్న అడిగినట్టు ఉండే గూబ గొంతుని కప్ప అని కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ. వాన లేని రోజున చెట్టుమీంచి కప్ప అరిస్తే ఓసారి అనుమానించండి!

సెల్‌ఫోను మంచి తోడు. పిట్ట గొంతుని రికార్డు చెయ్యడం కొత్తదేమీ కాదు. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోచ్ అనే ఎనిమిదేళ్ల పిల్లాడు ఎడిసన్ ఫోనోగ్రాఫ్ మీద పట్టిన పాటే తెలిసినంతలో మొట్టమొదటిది. ఆ పాట పాడింది షామా అనే మన భారతదేశపు అడవిపిట్ట! అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం ఉచితంగా ఇస్తున్న మెర్లిన్ యాప్ 2021 నుంచి గొంతు విని పేరు చెబుతోంది. మన పిట్టల్లోనూ చాలావాటిని పోలుస్తుంది. అయితే కుక్కల అరుపులూ, ట్రాక్టర్ల మోతా కలిస్తే అది కూడా తడబడుతుంది. యాప్ చెప్పింది చివరిమాట కాదు, మొదటి అనుమానం మాత్రమే. ఇంకోమాట... ఫోన్లో రికార్డుచేసిన అరుపుని గూటి దగ్గర పదేపదే వినిపించొద్దు. ఎవడో తన చోటు ఆక్రమించడానికి వచ్చాడని పిట్ట బెంబేలెత్తి గుడ్లు వదిలేసే ప్రమాదముంది.

అన్నిటికన్నా మంచి గురువులు ఊళ్లోనే ఉన్నారు. సాయంత్రం తాడెక్కి లొట్టి దింపే గీతకార్మికులు, మందని తోలుకొచ్చే గొల్లకురుమలు, అడవిని చదివినట్టు చదివే కోయలు, తండాల్లో పెద్దవాళ్లు. పుస్తకాల పేర్లు వాళ్లకి తెలియకపోవచ్చు. ఏ గొంతు ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు లేస్తుందో తెలుసు. ఏ పిట్టని ఏ పేరుతో పిలుస్తారో అడిగి అదీ రాసుకోండి. ఆ పేర్లు అచ్చులో చాలావరకు ఎక్కలేదు. వాళ్లతోనే పోతే మళ్లీ రావు.

లెక్క రాసేవాళ్లు కావాలి

1931లో సలీం అలీ నిజాం రాష్ట్రంలో పక్షుల సర్వే చేశారు. చెవీ, కన్నూ, నోటుపుస్తకమూ నమ్ముకుని ఊరూరా తిరిగిన రోజులవి. అప్పుడాయన రాసిపెట్టినవాటి వల్లే ఫలానా పిట్ట ఇక్కడ ఉండేదని ఈరోజు మనం చెప్పగలుగుతున్నాం.

ఇప్పుడా పని మామూలు మనుషులు చేస్తున్నారు. దేశవ్యాప్తంగా 30 వేలమందికి పైగా పక్షి ప్రేమికులు నమోదుచేసిన వివరాలతో 2023లో దేశ పక్షుల స్థితిపై ఓ నివేదిక వచ్చింది. దీర్ఘకాలపు లెక్క దొరికిన 338 జాతుల్లో 204 తగ్గాయి. నెమలి, కోకిల పెరిగినవాటిలో ఉన్నాయి. తగ్గినవాటిలో ఎవరున్నారో తెలుసా? తెలంగాణ రాష్ట్రపక్షి పాలపిట్ట! దసరానాడు దాన్ని చూస్తే శుభమని ఊరి బయటికి వెళ్తాం. మిగతా మూడొందల అరవై నాలుగు రోజులూ అదెలా ఉందో పట్టించుకునేవాళ్లు తక్కువ.

రాత్రిపిట్టల సంగతి ఇంకా కష్టం. కనబడవు కాబట్టి లెక్కకి రావు. ఊరవతల రాతిగుట్ట క్రషర్‌కి పోతే 'బు... బూఊ' ఆగిపోతుంది. చింతచెట్టు రోడ్డు వెడల్పులో పోతే 'చీవాక్' ఆగిపోతుంది. ఆగిపోయిందని తెలియాలంటే, అంతకుముందు ఉండేదని ఎవరో ఒకరు విని ఉండాలి కదా!

అందుకే ఈ ఆదివారం సాయంత్రం టీవీ ఓ అరగంట ఆపెయ్యండి. పిల్లల్ని తీసుకుని డాబా ఎక్కండి, లేదా చెరువు కట్టదాకా నడవండి. తారీఖు వెయ్యండి, టైము వెయ్యండి, వినిపించిన గొంతులన్నీ రాయండి. పేరు తెలియకపోతే అరుపే రాయండి, పేరు తర్వాత దొరుకుతుంది. నెలకోసారి చేసినా ఏడాదికి పన్నెండు కాగితాలవుతాయి. పదేళ్ల తర్వాత ఎవరైనా 'మీ ఊళ్లో పైడికంటె ఉండేదా?' అని అడిగితే, ఉండేదని చెప్పడానికి ఆ కాగితాలుంటాయి. ఇంకా ఉందని చెప్పగలిగితే మరీ మంచిది.